మెరిసేదంతా విమానం కాదు

నిగనిగలాడే రేడియో కంట్రోల్ మోడల్ విమానానికి మెరుపు ఎంత తగ్గించాలి? జవాబు వెతుక్కుంటూ ఔత్సాహికులు లండన్ శివారు హెండన్ నుంచి బెడ్‌ఫర్డ్‌షైర్ పచ్చిక దాకా వెళతారు. ఆ దారిలో హైదరాబాద్ పేరూ కనిపిస్తుంది, ఆముదం వాసనా తగులుతుంది.

లండన్ ట్యూబ్ రైల్లో నార్తర్న్ లైన్ ఎక్కి కోలిండేల్‌లో దిగితే రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం నడిచి వెళ్లేంత దూరమే. ప్రవేశం ఉచితం. ఒకప్పుడు ఇదంతా హెండన్ ఏరోడ్రోమ్. క్లాడ్ గ్రాహమ్-వైట్ అనే వైమానికుడు 1911లో ఇక్కడ విమానాల వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ ఏడాది సెప్టెంబర్ 9న బ్రిటన్ తొలి అధికారిక ఎయిర్ మెయిల్ ఇక్కడి నుంచే విండ్సర్‌కు ఎగిరింది. అంతకు ఏడు నెలల ముందే, ఫిబ్రవరి 18న, మన అలహాబాద్ నుంచి నైనీకి ప్రపంచంలోనే తొలి అధికారిక విమాన తపాలా వెళ్లిన సంగతి ఇక్కడ చాలామందికి తెలియదు. మ్యూజియాన్ని 1972లో ఎలిజబెత్ రాణి ప్రారంభించారు.

ఇక్కడి సేకరణలో తెలుగువారు ఒక క్షణం ఆగిపోయే విమానం ఒకటుంది. రెండు రెక్కల అంతస్తులు, నలుచదరపు ముక్కు, ఖాకీకి గోధుమకు మధ్య రంగు. పేరు డీహెచ్-9ఏ, నంబరు ఎఫ్1010. దాని మీది అక్షరాలు ఇది నిజాం ప్రభువు ఇచ్చిన కానుక అని చెబుతాయి. పక్కనే ‘హైదరాబాద్ నం. 12ఏ’ అని కూడా ఉంటుంది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో సమకూరిన విమానాలతోనే 110వ స్క్వాడ్రన్ 1918 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్ చేరింది. స్క్వాడ్రన్ పేరులోనే ‘హైదరాబాద్’ చేరిపోయింది. ఎఫ్1010 అదే ఏడాది అక్టోబర్ 5న జర్మనీ మీద దాడికి వెళ్లి అక్కడే దిగిపోయింది. శత్రువు చేతికి చిక్కి బెర్లిన్ మ్యూజియంలో ప్రదర్శన వస్తువైంది. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్‌కు చేరింది. చివరికి 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను మారుగా ఇచ్చి బ్రిటన్ దాన్ని వెనక్కి తెచ్చుకుంది.

ఈ విమానం ముందు నిలబడేవారిలో రెండు రకాలవాళ్లుంటారు. ఒకరు బోర్డు చదివి ముందుకెళ్లిపోతారు. రెండో రకం కొంచెం వింతగా ప్రవర్తిస్తారు. మోకాళ్ల మీద వంగి, తల పక్కకు వాల్చి, రెక్క అంచు మీద వెలుగు ఎలా జారుతోందో చూస్తారు. ఫ్లాష్ లేకుండా ఒకే చోటును పది ఫోటోలు తీస్తారు. వీళ్లే మోడలర్లు. వారి ఇళ్లలో, షెడ్లలో ఇదే విమానం నాలుగో వంతో ఆరో వంతో సైజులో సిద్ధమవుతూ ఉంటుంది. వాళ్ల సమస్య ఒక్కటే. ఇంట్లో ఉన్నది మెరుస్తోంది. ఇక్కడున్నది మెరవడం లేదు.

బొమ్మలా ఎందుకు కనిపిస్తుంది?

దుకాణంలో దొరికే రేడియో కంట్రోల్ విమానాల్లో చాలావాటికి పుట్టుకతోనే మెరుపు ఉంటుంది. బాల్సా చెక్క చట్రం మీద వేడితో ముడుచుకునే పాలియెస్టర్ ఫిల్మ్‌ను చిన్న ఇస్త్రీపెట్టెతో అతికిస్తారు. ఓరాకవర్, మోనోకోట్ వంటి పేర్లతో దొరికే ఈ ఫిల్మ్ తేలిక, గట్టిది, ఇంధనం పడినా చెడదు. అద్దంలా తళతళలాడుతుంది కూడా. విన్యాసాలు చేసే రంగురంగుల మోడల్‌కు ఆ తళుకే అందం. అదే ఫిల్మ్‌తో 1918 నాటి బాంబర్‌నో 1940 నాటి స్పిట్‌ఫైర్‌నో చేస్తే, గీత తప్పకుండా కొలతలు కుదిరినా, కన్ను ఒప్పుకోదు. పుట్టినరోజు బెలూన్‌లా ఉంటుంది.

దీనికి కారణం దూరం. ఆరో వంతు మోడల్‌ను 20 మీటర్ల నుంచి చూడటమంటే అసలు విమానాన్ని 120 మీటర్ల నుంచి చూసినట్టు. అంత దూరంలో ఉన్న పెద్ద విమానం రంగులను మధ్యనున్న గాలి, దుమ్ము, తేమ కాస్త పలచబరుస్తాయి, మెరుపును మందగిస్తాయి. మోడల్‌కు ఆ తెర ఉండదు. పైగా విమానాన్ని చిన్నది చేయగలం గానీ సూర్యుణ్ని, చెట్టును, ఆకాశాన్ని చిన్నవి చేయలేం. నున్నటి రెక్కలో అవన్నీ అసలు సైజు లోకంలా ప్రతిఫలిస్తాయి. ఆ ప్రతిబింబమే ఇది బొమ్మ అని చెప్పేస్తుంది. అందుకే అసలు విమానంలో కాస్త మెరుపున్నా, మోడల్‌లో దాన్ని ఇంకొంత తగ్గించాలన్నది స్కేల్ మోడలర్లు పాటించే సూత్రం.

రంగుల పరిశ్రమ మెరుపును కొలుస్తుంది. ఉపరితలం మీదికి 60 డిగ్రీల కోణంలో వెలుగు పంపి, ఎంత తిరిగొచ్చిందో చూస్తారు. కొలత 70 దాటితే గ్లాసీ, 10 లోపుంటే మ్యాట్, మధ్యలోది శాటిన్. మ్యాట్ వార్నిష్‌లో రహస్యం సన్నటి సిలికా పొడి. పూత ఆరి పలచబడేకొద్దీ ఆ రేణువులు పైకి తేలి, కంటికి కనిపించని గరుకును సృష్టిస్తాయి. వెలుగు ఒక వైపుకే తిరిగి రాకుండా అన్ని వైపులకూ చెదిరిపోతుంది. డబ్బాను బాగా కదపకపోతే పొడి అడుగునే ఉండిపోతుంది, పూత మళ్లీ మెరుస్తుంది. మందంగా వేస్తే ముదురు రంగుల మీద పొగమంచు పట్టినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది.

షెడ్డులో జరిగే పని

పని చూడటానికి తేలిక. ఆరిపోయాక తెలుస్తుంది కష్టం. ఫిల్మ్ మీద రంగు నేరుగా పట్టదు. ముందు సన్నటి ఎమరీ పేపర్‌తోనో, గిన్నెలు తోమే పీచులాంటి నైలాన్ ప్యాడ్‌తోనో మృదువుగా రుద్ది మెరుపు చంపాలి. గట్టిగా రుద్దితే చట్రం పట్టెల మీద ఫిల్మ్ చిరిగిపోతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చేతి జిడ్డు వదిలించాలి. ఆపైన స్ప్రేతో పలచటి పొరలు వేయాలి. మొదటి పొర తుంపరలా పడితే చాలు, తడిసి కారకూడదు. అసలు విమానం మీదికి వెళ్లే ముందు అదే ఫిల్మ్ ముక్క మీద వేసి, ఆరాక టేప్ అంటించి లాగి చూడటం అలవాటున్నవాళ్ల పద్ధతి. టేపుతో రంగు లేచి వస్తే మళ్లీ రుద్దుడు మొదలు.

ఫోమ్ విమానాల కథ వేరు. చవగ్గా దొరికే మోడళ్లలో ఎక్కువ భాగం ఇప్పుడు ఇవే. సాధారణ థర్మకోల్ మీద సాల్వెంట్ ఉన్న స్ప్రే పడితే ఉప్పు మీద నీళ్లు పోసినట్టు కరిగి గుంటలు పడుతుంది. కాస్త గట్టిదైన ఈపీవో ఫోమ్ కొంత తట్టుకుంటుంది గానీ దాన్నీ నమ్మలేం. అందుకే నీటిలో కలిసే యాక్రిలిక్ రంగులు, చెక్క సామాన్లకు వేసే నీటి ఆధారిత పాలీయురెథేన్ వార్నిష్ వాడతారు. బ్రష్‌తో వేసినా సర్దుకుంటుంది, వాసన తక్కువ, ఫోమ్ గుళికల గీతలనూ కొంత పూడుస్తుంది.

పూత వరుసలో ఒక తమాషా ఉంది. మెరుపు తీసేయడానికి ముందు మెరుపు తెప్పించాలి. గుండ్రటి గుర్తులు, నంబర్లు ఉన్న డీకాల్స్‌ను గరుకు పూత మీద అంటిస్తే వాటి కింద గాలి చిక్కుకుని వెండిలా తెల్లగా కనిపిస్తుంది. అందుకని ముందు గ్లాసీ వార్నిష్, దాని మీద డీకాల్స్, అన్నిటికీ పైన మ్యాట్. అక్షరాలూ రంగూ ఒకే చర్మంలా కలిసిపోవడానికి ఈ చివరి పొరే కారణం.

ఈ పొరకు బరువుంది. ఒక్కో పొరలో కొద్ది గ్రాములే అయినా, తోక మీద పడే గ్రాము వేరు. పొట్టి ముక్కు, పొడుగు తోక ఉన్న మొదటి ప్రపంచ యుద్ధం నాటి మోడళ్లలో వెనక చేరిన ఒక గ్రామును సరితూచడానికి ముక్కులో రెండు మూడు గ్రాముల సీసం పెట్టాల్సి వస్తుంది. అందుకే తోక భాగానికి వచ్చేసరికి అనుభవజ్ఞుల చెయ్యి వెనకాడుతుంది. గ్లో ఇంజన్ల మోడళ్లకు మరో బెడద. మిథనాల్, నూనె, నైట్రోమీథేన్ కలిసిన ఇంధనం చాలా రకాల మ్యాట్ పూతలను మెత్తబరుస్తుంది. గట్టిగా నిలిచే రెండు డబ్బాల పాలీయురెథేన్ పూతల్లో ఐసోసైనేట్లు ఉంటాయి. వాటి తుంపర పీల్చితే ఉబ్బసం రావచ్చు, ఒకసారి వస్తే కొద్దిపాటి తుంపరకూ తిరగబెడుతుంది. మూతికి కట్టుకునే మామూలు మాస్కు దాన్ని ఆపదు. బయటి నుంచి గాలి అందించే ముసుగు, పని తెలిసిన చెయ్యి లేకుండా ఇంటి గదిలో దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. విద్యుత్ మోటార్లు, లిథియం బ్యాటరీలు రావడంతో ఇంధనం మరకల బాధ తప్పింది. నీటి వార్నిష్‌లు చాలామందికి సరిపోతున్నాయి.

శాంతి మెరుస్తుంది, యుద్ధం కాదు

మోడలర్ల రెండో మజిలీ హెండన్‌కు ఉత్తరాన, బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఓల్డ్ వార్డెన్. లండన్ నుంచి రైల్లో బిగిల్స్‌వేడ్‌లో దిగి, అక్కడి నుంచి కొద్ది మైళ్లు టాక్సీలో వెళ్లాలి. గడ్డి కప్పుల ఇళ్లు, 19వ శతాబ్దపు స్విస్ గార్డెన్, పక్కన పచ్చిక రన్‌వే. రిచర్డ్ షటిల్‌వర్త్ అనే ధనిక యువకుడు పాత విమానాలు, కార్లు ఏరి తెచ్చి ఇక్కడ బాగు చేయించేవాడు. 1940 ఆగస్టులో వాయుసేన శిక్షణలో రాత్రిపూట విమానం కూలి, 31 ఏళ్ల వయసులో మరణించాడు. తల్లి డొరతీ కొడుకు పేరున 1944లో ట్రస్టు పెట్టింది. ఇక్కడి విమానాల ప్రత్యేకత అవి ఎగరడమే. 1909 నాటి బ్లేరియో కూడా, గాలి పూర్తిగా పడిపోయిన సాయంత్రం, పచ్చిక మీద చిన్న గెంతు వేస్తుంది.

హెండన్‌లో అర్థంకానిది ఇక్కడ అర్థమవుతుంది. ఎండలో కదిలే విమానం వెలుగును ఎలా పట్టుకుంటుందో చూడాలంటే షెడ్డులోంచి బయటికి తేవాలి. మొదటి యుద్ధపు విమానాల చర్మం నార గుడ్డ. దానికి సెల్యులోజ్ డోపు పూస్తే ముడుచుకుని డప్పులా బిగుస్తుంది. నేత చీరకు గంజి పెట్టినట్టే. బ్రిటిష్ వాళ్లు దాని మీద పీసీ10 అనే ఖాకీ పూత వేసేవారు. ఐరన్ ఆక్సైడ్, దీపపు మసి కలిసిన ఆ రంగు దాచడానికి ఎంత పనికొచ్చిందో, ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి గుడ్డను కాపాడటానికీ అంతే పనికొచ్చింది. ఇక్కడి ఎస్ఈ5ఏ ఫైటర్ 1918లో యుద్ధం చూసిన అసలు విమానం. అది వంగి మలుపు తిరిగినప్పుడు రెక్క మీద కనిపించేది మట్టిగోడ లాంటి నిర్జీవమైన మ్యాట్ కాదు, అద్దం కూడా కాదు. ఇస్త్రీ చేసిన ఖద్దరు మీద సాయంకాలపు వెలుగు పడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

పక్క షెడ్డులోని హాకర్ హైండ్ ఇంకో కథ చెబుతుంది. 1930ల చివర అఫ్ఘాన్ వాయుసేనకు వెళ్లిన ఈ బాంబర్‌ను 1970లో కాబూల్ కానుకగా ఇచ్చింది. లారీ మీద వేల మైళ్ల రోడ్డు ప్రయాణం చేసి వచ్చి, 1981లో మళ్లీ ఎగిరింది. ఆ తరం యుద్ధవిమానాలు అల్యూమినియం పొడి కలిపిన వెండి రంగు డోపుతో, మెరుగుపెట్టిన లోహపు ముక్కుతో పండగ రథాల్లా మెరిసేవి. వాయవ్య సరిహద్దు ఎండల్లో తిరిగిన బ్రిటిష్ విమానాలకూ 1920ల్లో ఆ వెండి పూతే వేడి నుంచి రక్షణ. 1938లో మ్యూనిక్ సంక్షోభం రాగానే ఆ వెండి మీద, రంగురంగుల స్క్వాడ్రన్ పట్టీల మీద హడావుడిగా ఆకుపచ్చ, గోధుమ మ్యాట్ రంగులు పడ్డాయి. ఒక సైన్యం యుద్ధానికి సిద్ధపడుతోందని ఆ పూతలే చెప్పాయి. మోడలర్ తన షెడ్డులో మెరుపు తీసేసేటప్పుడు తెలిసో తెలియకో చేసేది అదే. బొమ్మను నిజం చేయాలంటే దాన్ని యుద్ధంలోకి పంపాలి.

యుద్ధం కూడా మ్యాట్ విషయంలో మనసు మార్చుకుంది. గరుకు పూత గాలిని పట్టుకుంటుంది, విమానం వేగం తగ్గుతుంది. 1939లో సిడ్నీ కాటన్ బృందం ఫోటోలు తీసే స్పిట్‌ఫైర్ల తుపాకులు తీసేసి, సందులు పూడ్చి, నునుపుగా పాలిష్ పట్టి వేగాన్ని పెంచింది. మరోవైపు రాత్రి విమానాలకు వేసిన మసి లాంటి ప్రత్యేక నలుపు సర్చ్‌లైట్ల నుంచి దాచాలన్న ఆశతో వచ్చింది. అది మస్కిటో వేగంలో గంటకు పది మైళ్లకు పైనే తినేసిందని పరీక్షల్లో తేలడంతో వెనక్కి తగ్గారు. మామూలు రంగుల్లోనూ ముతక పూత పోయి, మెత్తగా నూరిన రంగుతో చేసిన ‘స్మూత్’ రకం వచ్చింది. రంగు మ్యాట్‌గానే ఉండాలి, చెయ్యి పెడితే నున్నగా తగలాలి. కాబట్టి స్పిట్‌ఫైర్ మోడల్‌కు సుద్దముక్కలాంటి పూత వేసేవాళ్లు చరిత్రకు దగ్గరవుతున్నామనుకుంటూ దూరమవుతున్నారు. 1940 వేసవిలో ఇంగ్లండ్ దక్షిణ తీరాన వార్మ్‌వెల్ నుంచి ఎగిరిన 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు మోడలర్లకు ప్రియమైనవి. దాని పేరులోనూ హైదరాబాద్ ఉంది, చిహ్నంలో నిజాం తలపాగా ఉంది. ఆ విమానాలు చేసేవారిలో ఆ తలపాగా ఏ ఊరిదో ఎరిగినవాళ్లు కొద్దిమందే.

ఆముదం వాసన

ఓల్డ్ వార్డెన్‌కు వెళ్లిన తెలుగువాళ్లను ఒక వాసన వెనక్కి తిప్పుతుంది. సాప్‌విత్ పప్, ఆవ్రో 504 ఇంజన్లు మొదలుకాగానే నీలిపొగతో పాటు వచ్చే ఘాటు, అమ్మమ్మల కాలం నాటి ఆముదం దీపానిది. ఆ రోటరీ ఇంజన్లలో సిలిండర్లే గిర్రున తిరుగుతాయి. పెట్రోలులో కరగకుండా, వేడికి పలచబడిపోకుండా నిలిచే నూనె ఆనాడు ఆముదమే. వాడిన నూనె వెనక్కి చేరదు, బయటికి చిమ్మేస్తుంది. విమానం పక్కలు, పైలట్ ముఖం అన్నీ జిడ్డే. ఆముదం గింజలకు ఆనాడూ ఈనాడూ ప్రపంచంలో పెద్ద పేరు భారత్‌దే. ఇప్పుడు గుజరాత్‌దే సింహభాగం అయినా, పాలమూరు, నల్గొండ మెట్ట చేలు కూడా ఆముదానికి ఒకప్పుడు ప్రసిద్ధి.

మోడలర్‌కు ఆ జిడ్డులో పాఠం ఉంది. యుద్ధరంగంలో ఏ విమానమూ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పూతతో ఎక్కువ రోజులు లేదు. ఇంజన్ వెనక నూనె తాగిన గుడ్డ ముదురు రంగుకు తిరిగి మెరిసేది. ఎండ పడిన పై రెక్క వెలిసిపోయి మందగించేది. మెకానిక్ ఎక్కి దిగే చోట బూటు రాపిడికి నునుపెక్కేది. ఒకే విమానం మీద మూడు నాలుగు రకాల మెరుపులుండేవి. తల నుంచి తోక దాకా ఒకే డబ్బాతో ఒకే మ్యాట్ కొట్టేస్తే పోయేది ఇదే. చేయి తిరిగినవాళ్లు చివర్లో ఇంజన్ పక్కన కాస్త శాటిన్ పూసి, రెక్క పైభాగాన్ని మాత్రం మందంగా వదిలేస్తారు. స్కేల్ పోటీల్లో ఆకృతి, రంగు, గుర్తులతో పాటు ఉపరితలం తీరుకూ మార్కులుంటాయి. ఆ మార్కుల కోసం ఆధారాలుగా ఫోటోలు, రంగు చీటీలు తెచ్చి న్యాయనిర్ణేతల ముందు పెట్టాలి. హెండన్‌లో మోకాళ్ల మీద వంగి తీసిన ఫోటోల పని ఇక్కడ పడుతుంది.

ఓల్డ్ వార్డెన్ పచ్చిక మీద దశాబ్దాలుగా మోడల్ విమానాల వారాంతాలు జరుగుతున్నాయి. రబ్బరు బ్యాండుతో ఎగిరే తేలిక విమానాల నుంచి, ఇద్దరు మోసుకురావాల్సిన పెద్ద బాంబర్ల దాకా కార్ల డిక్కీల్లోంచి బయటికొస్తాయి. అసలు ఎస్ఈ5ఏ నిలబడే చోటికి కొద్ది అడుగుల్లోనే దాని పావు వంతు నకలు ఎగరడం ప్రపంచంలో చాలా కొద్దిచోట్ల చూడగలం. పోల్చుకోవడానికి పుస్తకం తెరవక్కర్లేదు, తల తిప్పితే చాలు.

బికనీర్ గజశాల నుంచి

ఇక్కడికి తూర్పున కేంబ్రిడ్జ్ దగ్గరి డక్స్‌ఫర్డ్‌లో భారత ఉపఖండపు ముద్ర ఉన్న మరో జత ఉంది. మొదటి యుద్ధం తర్వాత మిగిలిన విమానాలను బ్రిటన్ తన వలస రాజ్యాలకు పంచిపెట్టింది. అలా బికనీర్ సంస్థానం చేరిన డీహెచ్-9 బాంబర్లు, జునాగఢ్ కోటలోని పాత గజశాలలో దశాబ్దాల పాటు చెదలకు, దుమ్ముకు వదిలేసి ఉన్నాయి. వాటిలో రెండింటి అవశేషాలను బ్రిటిష్ పునరుద్ధారకులు కొని తీసుకెళ్లారు. ఒకటి డక్స్‌ఫర్డ్‌లో ప్రదర్శనకు నిలిచింది. రెండోది 2019లో మళ్లీ గాలిలోకి లేచింది. బికనీర్ కోట మ్యూజియంలోనూ ఒక డీహెచ్-9ను చూడవచ్చు. ఆ కాలపు పూత ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునే భారతీయ మోడలర్‌కు లండన్ టికెట్టే అక్కర్లేదన్నమాట. ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంలో స్పిట్‌ఫైర్, హరికేన్, వపిటీ ఉన్నాయి.

మన దగ్గర ఒక జాగ్రత్త మాత్రం అవసరం. స్థావరాల గేట్ల దగ్గర, ఊరి కూడళ్లలో దిమ్మెల మీద నిలిపిన పాత మిగ్‌లకు ఎండావానా తట్టుకునేలా తరచూ నిగనిగలాడే ఎనామిల్ కొడుతుంటారు. వాటిని చూసి మోడల్‌కు రంగు వేస్తే, ఆ విమానం సర్వీసులో ఎలా ఉండేదో కాక స్మారక చిహ్నంగా ఎలా ఉందో వస్తుంది. మ్యూజియాల్లోనూ మొదటి యుద్ధం నాటి విమానాల గుడ్డ చాలావరకు తర్వాత మార్చినదే. కాబట్టి ఆనాటి నలుపు తెలుపు ఫోటోను పక్కన పెట్టుకోక తప్పదు. అందులో రంగు తెలియకపోయినా మెరుపు తెలుస్తుంది.

వాతావరణం ఇంకో సంగతి. ఇంగ్లండ్‌లో మోడలర్లు చలికి భయపడతారు. మన కోస్తాలో భయపడాల్సింది తేమకు. సెల్యులోజ్ లక్కర్ ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తేమ దాని మీద చేరుతుంది, పూత పాలు పోసినట్టు తెల్లబారుతుంది. కార్లకు రంగులేసే మన పెయింటర్లకు ఇది బాగా తెలుసు. వానాకాలంలో అందుకే ఆరుదలను నెమ్మదింపజేసే రిటార్డర్ థిన్నర్ కలుపుతారు. విశాఖలోనో కాకినాడలోనో జూలైలో మ్యాట్ కొట్టాలనుకునేవాళ్లు వాన వెలిసిన పొడి రోజు కోసం ఆగడం మేలు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ చేసిన వేలమంది విద్యార్థుల్లో చాలామంది డోపు వాసనతోపాటు ఈ తెల్లమచ్చలనూ గుర్తుపడతారు.

కంటికి ఆనాలి కదా

ఇంతా చేసి మెరుపు పోగొట్టాక అసలు పరీక్ష ఆకాశంలో ఎదురవుతుంది. విమానాన్ని దాచడం కోసమే పుట్టిన రంగు అది. మబ్బు పట్టిన సాయంత్రం, రెండు వందల మీటర్ల దూరంలో, ఆకుపచ్చ గోధుమ మ్యాట్ మోడల్ ఒక నల్లటి గీతగా మిగులుతుంది. అటు తిరిగిందో ఇటు తిరిగిందో తెలియదు. గ్లాసీ రెక్క మలుపులో ఒకసారి తళుక్కుమని తన దిశ చెప్పేది. ఆ సంకేతాన్ని మోడలర్ తన చేత్తోనే చెరిపేశాడు. ఇది అందం సంగతి మాత్రమే కాదు. ఐదారు కిలోల విమానం మీద అదుపు తప్పితే కింద ఉన్నవాళ్లకు ప్రాణగండం. భారత్‌లో 2021 డ్రోన్ నిబంధనలు 25 కిలోల లోపు మోడల్ విమానాలను వినోదానికి, చదువుకు ఎగరేయనిస్తాయి గానీ, కంటికి కనిపించే దూరంలోనే. రెడ్, యెల్లో జోన్లలో అనుమతి కావాలి. మ్యాట్ పూత ఆ కంటి దూరాన్ని నిజంగానే తగ్గిస్తుంది.

దీనికీ చరిత్రలోనే ఉపాయం ఉంది. యుద్ధం తొలి నెలల్లో బ్రిటిష్ ఫైటర్లకు అడుగున ఒక రెక్క నల్లగా, ఇంకో రెక్క తెల్లగా వేసేవారు, కింది నుంచి చూసే తమవాళ్లు కాల్చేయకుండా. అదే పథకం ఎంచుకున్న మోడలర్‌కు ఏ రెక్క ఎటుందో ఇట్టే తెలిసిపోతుంది, చరిత్రా తప్పదు. మిగతావాళ్లు మోడల్‌ను దగ్గరగా, తక్కువ ఎత్తులో తిప్పుతారు. మబ్బు పడితే దించేస్తారు. పూర్తి మ్యాట్‌కు బదులు మధ్యరకం శాటిన్‌తో ఆగిపోయేవారు చాలామంది. ‘స్మూత్’ పూతకు అదే దగ్గరిదని హెండన్, ఓల్డ్ వార్డెన్ చూసినవాళ్ల వాదన.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు సూచనలు. హెండన్‌కు పనిదినాన ఉదయమే వెళితే రద్దీ లేకుండా ఒక్కో విమానాన్నీ తీరిగ్గా చూడొచ్చు. ఓల్డ్ వార్డెన్‌కు మాత్రం ప్రదర్శన రోజుల పట్టిక చూసుకుని, వేసవి సాయంత్రపు ప్రదర్శనకు వెళ్లాలి. గాలి తగ్గాక, వెలుగు ఏటవాలుగా పడే వేళ, పాత విమానాలు ఒక్కొక్కటే పచ్చిక మీదికి దిగుతాయి. చక్రాలు చిమ్మిన తడి మట్టి, ఇంజన్ విసిరిన ఆముదం కింది రెక్కకు అంటుకుని ఉంటాయి. మెకానిక్ గుడ్డ పీలికతో తుడుస్తాడు. తుడిచిన మేర మెరుస్తుంది, తుడవని మేర మెరవదు.